కరీబియన్ మెదడు పగడాలు

అట్లాంటిక్ మహాసముద్రపు పశ్చిమ అంచున, కరీబియన్ సముద్రంలోనూ దాన్ని ఆనుకుని ఉన్న బహామాస్, ఫ్లోరిడా, బెర్ముడా, మెక్సికో గల్ఫ్ జలాల్లోనూ పెరిగే కొన్ని రాతి పగడాలను మెదడు పగడాలు అంటారు. ఇవి గుండ్రటి బండల్లా పెరుగుతాయి. పైభాగమంతా మెలికలు తిరిగిన గట్లూ లోయలతో నిండి, మనిషి మెదడు మీది మడతల్ని తలపిస్తుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరిగినా వందల ఏళ్లు బతుకుతాయి. కరీబియన్ పగడపు దిబ్బలకు తుపానుల్ని తట్టుకునే దృఢత్వాన్ని ఇచ్చే జీవుల్లో ఇవి ముఖ్యమైనవి. వేగంగా పెరిగే కొమ్మల పగడాలు 1970ల చివరి నుంచి కూలిపోతూ వచ్చాక, దిబ్బల భారం చాలావరకు వీటి మీదా, వీటిలాగే బండగా పెరిగే నక్షత్ర పగడాల మీదా పడింది. 2014లో ఫ్లోరిడాలో బయటపడిన ఒక వ్యాధి ఇప్పుడు ఆ ఆధారాన్నే దెబ్బతీస్తోంది.

నవరత్నాల్లో ఒకటిగా తెలుగువారు ఉంగరాల్లో ధరించే ఎర్ర పగడం వేరు. అది ప్రధానంగా మధ్యధరా సముద్రంలో దొరికే కోరల్లియం అనే ప్రజాతికి చెందినది. దాని ఒక్కొక్క పాలిప్‌కు ఎనిమిదేసి స్పర్శకాలుంటాయి, అది పెద్ద దిబ్బలు కట్టదు. మెదడు పగడాలు స్క్లెరాక్టీనియా అనే రాతి పగడాల క్రమానికి చెందుతాయి. వీటి శరీర భాగాలు ఆరు చొప్పున అమరి ఉంటాయి. ఉష్ణమండల సముద్రాల్లో సున్నపురాతి దిబ్బల్ని నిర్మించే పగడాలు దాదాపుగా ఈ క్రమానివే.

వర్గీకరణ, ముఖ్య జాతులు

ఒకే తరహా రూపమున్న పలు జాతుల్ని కలిపి మెదడు పగడాలంటారు. వీటిలో మొదట చెప్పుకోవలసినది డిప్లోరియా లాబిరింథిఫార్మిస్. కార్ల్ లిన్నేయస్ 1758లోనే దీన్ని వర్ణించాడు. దీని గట్ల నడినెత్తిన లోతైన గాడి ఒకటి సాగుతుంది. కొన్ని గుంపుల్లో ఆ గాడి లోయంత వెడల్పు కూడా ఉంటుంది. అందువల్ల దీన్ని గాడి మెదడు పగడంగా గుర్తుపట్టడం తేలిక.

సూడోడిప్లోరియా స్ట్రిగోసా గట్ల మీద అలాంటి గాడి ఉండదు. నున్నటి అర్ధగోళంలా పెరిగే ఈ జాతి కరీబియన్ అంతటా విస్తరించింది. దాని దగ్గరి బంధువు సూడోడిప్లోరియా క్లైవోసా అలలు బలంగా కొట్టే లోతు తక్కువ నీటిలో రాతిని అంటిపెట్టుకుని, బొడిపెలు బొడిపెలుగా పెరుగుతుంది. కాల్పోఫిలియా నాటన్స్ వీటన్నిటికంటే భారీగా ఎదుగుతుంది. దీని లోయలు రెండు సెంటీమీటర్ల దాకా వెడల్పుంటాయి. గోధుమరంగు గట్ల మధ్య పచ్చని లేదా తెల్లని లోయలు స్పష్టంగా కనిపిస్తాయి. మానిసినా ఏరియోలేటా వీటిలో చిన్నది. సముద్రపు గడ్డి మైదానాల్లో ఇసుక మీద విడిగా పడి ఉండి, అలల తాకిడికి తిరగబడినా తన కణజాలాన్ని నీటితో ఉబ్బించి మళ్లీ నిటారుగా కాగలదు. మియాండ్రినా మియాండ్రైటిస్‌కు కూడా మెలికల లోయలున్నా అది వేరే కుటుంబానిది.

పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లోనూ మెదడు పగడాలున్నాయి. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ దిబ్బల్లో కనిపించే ప్లాటిగైరా అలాంటిదే. రూపం కలుస్తున్నందున చాలాకాలం వీటినీ అట్లాంటిక్ జాతులనూ ఫావిడే అనే ఒకే కుటుంబంలో ఉంచారు. హిరోనోబు ఫుకామి, నాన్సీ నోల్టన్, వారి సహచరులు జన్యువుల ఆధారంగా 2004లో ప్రచురించిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. అట్లాంటిక్ పగడాలు పసిఫిక్‌లో తమను పోలిన వాటికంటే, అట్లాంటిక్‌లోనే తమను పోలని ఇతర పగడాలకు దగ్గరి చుట్టాలని తేలింది. ఆన్ బడ్ బృందం 2012లో చేసిన పునర్విభజనతో అట్లాంటిక్ జాతులు ముస్సిడే కుటుంబంలో నిలిచాయి. సూడోడిప్లోరియా అనే ప్రజాతి కూడా అప్పుడే ఏర్పడింది. ప్లాటిగైరా మెరులినిడే కుటుంబానికి వెళ్లింది. అంటే రెండు సముద్రాల్లో రెండు వంశాలు విడివిడిగా ఒకే రూపానికి చేరుకున్నాయి. దీనికి సంరక్షణలో ప్రాధాన్యముంది. కరీబియన్ మెదడు పగడాలు అక్కడ అంతరిస్తే ప్రపంచంలో మరెక్కడి నుంచీ తెచ్చి ఆ వంశాన్ని నిలపలేం.

శరీర నిర్మాణం

పగడమంటే నిజానికి పాలిప్‌లనే మెత్తని చిన్న జీవుల గుంపు. చాలా పగడాల్లో ప్రతి పాలిప్‌కూ చుట్టూ గోడతో సొంత గది ఉంటుంది. మెదడు పగడంలో ఆ అడ్డుగోడలు లేవు. ఒక పాలిప్ రెండుగా చీలినప్పుడు రెండింటి మధ్య గోడ కట్టుకోదు. రెండు నోళ్లూ ఒకే లోయలో మిగిలిపోతాయి. ఇలా చీలుతూ పోతే లోయ పొడవు పెరుగుతుంది, మెలిక తిరుగుతుంది, కొమ్మలు వేస్తుంది. ఒక్కో లోయ అడుగున నోళ్లు వరుసగా ఉంటాయి. గట్లు వాటికి ఉమ్మడి గోడలు. నోళ్ల మధ్య కణజాలం కలిసే ఉండటం వల్ల ఒకచోట దొరికిన ఆహారం పక్కవాటికీ అందుతుంది.

కణజాలం కొన్ని మిల్లీమీటర్ల మందానికి మించదు. దాని కింద ఉన్నదంతా అస్థిపంజరమే. సముద్రపు నీటిలోని కాల్షియం, కార్బొనేట్ అయాన్లతో జీవి అరగోనైట్ అనే సున్నపు స్ఫటికాల్ని పేర్చుకుంటూ, పాత అంతస్తును ఖాళీ చేసి పైకి జరుగుతూ ఉంటుంది. ఒక మీటరు ఎత్తున్న మెదడు పగడంలో ప్రాణమున్నది పై పొరలో మాత్రమే. లోపలున్నదంతా ఆ గుంపు గత తరాలు కట్టిపోయిన రాయి.

పగటిపూట స్పర్శకాలు లోయల్లోకి ముడుచుకుని ఉంటాయి. చీకటి పడ్డాక అవి బయటకు సాగి, దంశకణాలతో ప్లవకాల్ని పట్టుకుంటాయి. పైన పడిన ఇసుక రేణువుల్ని జిగురు ద్రవంతో, సూక్ష్మకేశాల కదలికతో నెట్టేసుకునే శక్తి కూడా వీటికుంది. అందుకే కాస్త మడ్డి నీటిలోనూ కొన్ని జాతులు నిలదొక్కుకుంటాయి. అయితే తవ్వకాల నుంచి ఏకధాటిగా వచ్చే బురదను ఏ పగడమూ ఎక్కువకాలం తట్టుకోలేదు.

నెమ్మదిగా పెరిగే జీవి తన చోటును వేగంగా పెరిగే వాటి నుంచి ఎలా కాపాడుకుంటుంది? ఈ ప్రశ్నకు జమైకాలోని డిస్కవరీ బే దగ్గర పనిచేసిన జుడిత్ లాంగ్ 1970ల ఆరంభంలో సమాధానం చూపింది. పగడాలు తమ జీర్ణతంతువుల్ని శరీరం బయటకు పంపి, తాకేంత దూరంలో ఉన్న పొరుగు పగడాన్ని అక్కడికక్కడే జీర్ణం చేసుకుంటాయి. ఈ పోరులో జాతుల మధ్య ఒక అంతస్తుల క్రమముందని, మెల్లగా పెరిగే బండ పగడాల్లో చాలావాటిది పైచేయి అని, కొమ్మల పగడాలు అడుగున ఉంటాయని ఆమె గమనించింది. పెరుగుదలలో వెనకబడినా స్థలాన్ని నిలబెట్టుకునే బలం ఆ విధంగా వీటికి దక్కింది.

శైవలాలతో సహజీవనం

పగడపు కణాల లోపల సింబియోడీనియేసీ కుటుంబానికి చెందిన ఏకకణ శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యరశ్మితో తయారుచేసిన చక్కెరలు, కొవ్వులు పగడానికి అవసరమైన శక్తిలో అధిక భాగాన్ని సమకూరుస్తాయి. బదులుగా పగడం తన వ్యర్థాల్లోని నత్రజనిని, భాస్వరాన్ని, నిలవడానికి చోటును వాటికిస్తుంది. పోషకాలు అంతగా లేని నీలిరంగు నీటిలో అంత సమృద్ధమైన జీవజాలం ఎలా మనగలుగుతోందన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఈ ఒప్పందంలోనే ఉంది.

సున్నం కట్టే పని కూడా వెలుతురుతో ముడిపడింది. జమైకాలో థామస్ గోరో 1950ల్లో రేడియోధార్మిక కాల్షియంతో చేసిన ప్రయోగాల్లో, పగడాలు చీకట్లో కంటే వెలుతురులో ఎన్నో రెట్లు వేగంగా సున్నాన్ని పేరుస్తాయని రుజువైంది. మెదడు పగడాలు లోతు తక్కువ నీటి నుంచి సుమారు 30 మీటర్ల దాకా మెండుగా కనిపించడానికి, ఇంకా లోతుకు వెళ్లేకొద్దీ తగ్గిపోవడానికి ఈ వెలుతురు అవసరమే కారణం. నీరు మురికైతే వెలుతురు తగ్గి పెరుగుదల మరింత మందగిస్తుంది.

పెరుగుదల, ఆయుష్షు

మెదడు పగడాల ఎత్తు జాతిని, లోతును, నీటి ఉష్ణోగ్రతను బట్టి సాధారణంగా ఏడాదికి 3 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చల్లటి బెర్ముడా జలాల్లోని గాడి మెదడు పగడం ఆ శ్రేణికి దిగువన ఉంటుంది. మన చేతిగోరు నెల రోజుల్లో పెరిగేంత మేర పెరగడానికి దానికి ఏడాది పడుతుంది. అదే కరీబియన్‌లో జింక కొమ్ము పగడం కొమ్మ ఏడాదిలో 10 నుంచి 20 సెంటీమీటర్లు సాగుతుంది. దుప్పి కొమ్ము పగడం 5 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతుంది.

ఈ లెక్కన ఒక మీటరు ఎత్తున్న బండకు వంద నుంచి మూడు వందల ఏళ్ల వయసుండవచ్చు. టొబాగో దీవిలో స్పీసైడ్ గ్రామం ఎదుట, కెల్లెస్టన్ డ్రెయిన్ అనే చోట ఉన్న మెదడు పగడం ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటిగా పేరుపొందింది. అది సుమారు 3 మీటర్ల ఎత్తు, 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంతటి గుంపు ఏర్పడటానికి శతాబ్దాలు కావాలి.

మెల్లగా పెరగడం వల్ల వచ్చే లాభం సాంద్రత. కొమ్మల పగడం తన సున్నాన్ని సన్నటి కొమ్మలుగా దూరం దాకా పరుస్తుంది. మెదడు పగడం దాన్ని ఒకేచోట దిట్టంగా పేరుస్తుంది. నష్టం కూడా ఈ మెల్లదనం లోంచే వస్తుంది. పెద్ద గుంపు మీద అరచేయంత కణజాలం చచ్చిపోతే, అంచుల నుంచి మళ్లీ పాకి ఆ మేర పూడడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా ఆ ఖాళీని నాచు ఆక్రమిస్తుంది, స్పాంజీలు రాతిని తొలుస్తాయి.

పునరుత్పత్తి

కరీబియన్ మెదడు పగడాల్లో పెద్ద జాతులన్నీ ఉభయలింగ జీవులు. అండాలనూ శుక్రకణాలనూ చిన్న ముద్దలుగా కట్టి నీటిలోకి వదులుతాయి. ముద్దలు పైకి తేలి విడిపోయాక వేరువేరు గుంపుల బీజకణాలు కలిసి ఫలదీకరణ జరుగుతుంది. దీనికి అన్నీ ఒకే వేళకు సిద్ధపడాలి. సూడోడిప్లోరియా స్ట్రిగోసా, కాల్పోఫిలియా నాటన్స్ వేసవి చివర, పౌర్ణమి దాటిన వారం పది రోజుల్లో, రాత్రివేళ బీజకణాలు వదులుతాయి. టెక్సస్, లూసియానా తీరాలకు దూరంగా మెక్సికో గల్ఫ్‌లో ఉన్న ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ దిబ్బల మీద 1990లో తొలిసారి నమోదైన ఈ సామూహిక ఘట్టాన్ని చూడటానికి ఏటా ఆగస్టులో శాస్త్రజ్ఞులు, డైవర్లు వెళ్తుంటారు.

గాడి మెదడు పగడం ఈ నియమానికి మినహాయింపు. కురసావ్ దీవిలో జరిపిన పరిశీలనల్లో ఇది వసంతం చివరి నుంచి శరత్తు దాకా పలు నెలలు, పౌర్ణమి తర్వాత 10 నుంచి 13 రోజుల మధ్య, సూర్యాస్తమయానికి కాస్త ముందుగా వెలుతురు ఉండగానే బీజకణాలు వదులుతుందని తేలింది. ఏడాదిలో ఒకటి రెండు రాత్రులకే పరిమితం కాకపోవడం వల్ల, ప్రయోగశాలల్లో పిల్ల పగడాల్ని పెంచేవారికి ఈ జాతి ఎంతో అనువుగా దొరికింది. చిన్న మానిసినా మరో దారి పట్టింది. అది లార్వాలను తనలోనే పెంచి బయటకు వదులుతుంది.

ఫలదీకరణ సులువుగానే జరిగినా కొత్త తరం నిలదొక్కుకోవడం కష్టం. ఈదే లార్వా కొన్ని రోజుల్లో గట్టి నేలను, అనువైన సున్నపు నాచు పొరను వెతుక్కుని అంటుకోవాలి. తర్వాత చాలా ఏళ్లు అది వేలికొనంత పరిమాణంలోనే ఉంటుంది. ఆ కాలంలో నాచు కమ్మినా, ఇసుక కప్పినా, చేప కొరికినా అంతే. కరీబియన్ దిబ్బల మీద బండ పగడాల పిల్లలు అరుదుగా కనిపిస్తున్నాయని దశాబ్దాలుగా సర్వేలు చెబుతున్నాయి. లార్వాలను లోపల పెంచే, చిన్నగా ఉండి త్వరగా సంతానం కనే జాతులు వాటి చోటును ఆక్రమిస్తున్నాయి. వాటికి దిబ్బను ఎత్తుగా కట్టే శక్తి లేదు.

దిబ్బల నిర్మాణంలో పాత్ర

ఆరోగ్యంగా ఉన్న కరీబియన్ దిబ్బలో పని పంపకం కనిపిస్తుంది. అలలు విరిగే శిఖరం మీద దుప్పి కొమ్ము పగడం, దాని దిగువన జింక కొమ్ము పగడం గుబురుగా పెరిగి వేగంగా ఎత్తును, గుబుర్ల మధ్య చేపలకు దాక్కునే చోటును ఇచ్చేవి. వాటి చుట్టూ, వెనకాల మడుగుల్లో, ముందరి వాలు మీద నక్షత్ర పగడాలతో కలిసి మెదడు పగడాలు బరువైన చట్రాన్ని కట్టేవి. కొమ్మలు విరిగి రాళ్ల గుట్టలైనప్పుడు ఆ చట్రమే వాటిని పట్టి నిలిపేది.

1980 ఆగస్టులో అలెన్ హరికేన్ జమైకా ఉత్తర తీరాన్ని తాకినప్పుడు ఈ తేడా కళ్లకు కట్టింది. డిస్కవరీ బే దగ్గర లోతు తక్కువ నీటిలోని కొమ్మల పగడాల తోపులు చాలావరకు నుజ్జయ్యాయి. గుండ్రటి బండ పగడాలకు దెబ్బ తగిలినా, అంతకంటే చాలా తక్కువగా తగిలింది. అర్ధగోళాకారం నీటి తాకిడిని పక్కలకు జారనిస్తుంది, వెడల్పైన అడుగు నేలను పట్టి ఉంచుతుంది. తుపానుల దారిలోనే ఉన్న సముద్రంలో ఏళ్ల తరబడి పోగైన రాయి నిలిచి ఉండటమే దిబ్బకు ప్రాణం.

ఈ రాయి మనుషుల్నీ కాపాడుతుంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన కొలతల్ని కలిపి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం, పగడపు దిబ్బలు తీరానికి వచ్చే అలల శక్తిని సగటున 97 శాతం తగ్గిస్తాయని లెక్కగట్టింది. కరీబియన్ ద్వీపాల్లో ఊళ్లు, ఓడరేవులు, పర్యాటక కేంద్రాలు ఎక్కువగా తీరం వెంబడే ఉన్నందున దిబ్బ ఎత్తు తగ్గడమంటే అలలు ఇళ్లకు దగ్గరవడమే.

బతికున్న మెదడు పగడం చిన్న జీవులకు చిరునామా. సన్నటి గోబీ చేపలు దాని మీద కాపుండి, దగ్గరికి వచ్చిన పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని శుభ్రం చేస్తాయి. రంగురంగుల క్రిస్మస్ చెట్టు పురుగులు దాని రాతిలో గొట్టాలు కట్టుకుంటాయి. ఆ గొట్టాలు ఖాళీ అయ్యాక బ్లెన్నీ చేపలు చేరతాయి. బండ అంచు కింద ఏర్పడే సందుల్లో ముళ్ల రొయ్యలు పగలంతా దాక్కుంటాయి. పగడం చచ్చాక కూడా దాని రాయి కొత్త లార్వాలకు నేలగా ఉపయోగపడుతుంది. స్పాంజీలు తొలిచి, చిలుక చేపలు గీకి, చివరికి అది బీచీల తెల్లటి ఇసుకలో కలుస్తుంది.

ఈ నిర్మాణం ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే ఫ్లోరిడా కీస్‌లోని విండ్లీ కీ వెళ్లవచ్చు. అక్కడి భూమి సుమారు 1,25,000 ఏళ్ల క్రితం సముద్ర మట్టం ఇప్పటికంటే ఎత్తుగా ఉన్నప్పుడు పెరిగిన దిబ్బే. 1900ల ఆరంభంలో హెన్రీ ఫ్లాగ్లర్ సముద్రం మీదుగా వేసిన రైలు మార్గం కోసం అక్కడ రాయి తవ్వారు. ఇప్పుడు రాష్ట్ర ఉద్యానవనంగా ఉన్న ఆ క్వారీ గోడల్లో నిలువుగా కోసిన మెదడు పగడాల మెలికలు స్పష్టంగా కనిపిస్తాయి. మంచుయుగం వచ్చి పోయినా చెక్కుచెదరని రాయి అది.

వాతావరణ చరిత్రకు సాక్ష్యం

పగడపు అస్థిపంజరంలో ఏడాదికొకటి చొప్పున దట్టమైన, పలుచని పట్టీల జంట ఏర్పడుతుంది. 1972లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవుల పగడాలకు ఎక్స్‌రే తీసి, అణుపరీక్షల ధార్మిక గుర్తులతో సరిపోల్చి ఈ పట్టీలు వార్షికమైనవని నిరూపించారు. అప్పటి నుంచి నెమ్మదిగా పెరిగే బండ పగడాలు సముద్ర చరిత్రకు దస్తావేజులయ్యాయి. అరగోనైట్‌లో కాల్షియం స్థానంలో చేరే స్ట్రాన్షియం పాలు నీటి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. అందువల్ల పట్టీల వారీగా ఆ పాలును కొలిస్తే థర్మామీటర్లు లేని కాలపు వేడి కూడా తెలుస్తుంది.

అట్లాంటిక్‌లో ఈ పనికి మెదడు పగడాలు బాగా అక్కరకొచ్చాయి. బెర్ముడా దక్షిణ తీరంలోని ఒక గాడి మెదడు పగడం నుంచి తీసిన రాతి కోరును పరిశీలించి నథాలీ గుడ్‌కిన్, ఆన్ కోహెన్ బృందం 1781 నుంచి 1999 దాకా 218 ఏళ్ల ఉష్ణోగ్రతల చరిత్రను వెలికితీసింది. లిటిల్ ఐస్ ఏజ్ అని పిలిచే శీతల దశ చివర్లో అక్కడి నీరు 20వ శతాబ్దపు చివరికంటే సుమారు 1.5 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉండేదని ఆ లెక్క చూపింది. వెనిజులాకు చెందిన లాస్ రోక్స్ దీవుల్లో స్టెఫెన్ హెట్జింగర్ బృందం పరిశీలించిన మరో మెదడు పగడంలో, ఉత్తర అట్లాంటిక్ దశాబ్దాల తరబడి వేడెక్కి చల్లబడే తీరుతో పాటు హరికేన్ల ఉధృతిలోని హెచ్చుతగ్గులు కూడా ప్రతిఫలించాయి. బెర్ముడా పగడాల్లో పరిశ్రమల నుంచి, పెట్రోలు నుంచి గాలిలోకి చేరిన సీసం జాడలు కూడా నమోదై ఉన్నాయి. ఒక ముసలి పగడం చనిపోతే ఇలాంటి రికార్డు ఇక ముందుకు సాగదు.

ముప్పులు

కరీబియన్ దిబ్బల పతనం దశలవారీగా జరిగింది. 1970ల చివర తెల్ల పట్టీ వ్యాధి కొమ్మల పగడాల్ని తుడిచిపెట్టడం మొదలుపెట్టింది. 1983, 1984 సంవత్సరాల్లో మరో రోగం పనామా దగ్గర పుట్టి, నాచును మేసి దిబ్బను శుభ్రంగా ఉంచే డయాడెమా అనే పొడవు ముళ్ల సీ అర్చిన్లలో 90 శాతానికి పైగా చంపేసింది. చిలుక చేపల్ని మనుషులు అప్పటికే విపరీతంగా పట్టేశారు. మేసేవాళ్లు లేక నాచు కమ్ముకుంది. 1977లో సుమారు 50 శాతంగా ఉన్న సజీవ పగడపు కప్పు 2001 నాటికి 10 శాతానికి పడిపోయిందని 2003లో వెలువడిన ఒక విశ్లేషణ తెలిపింది. ఈ మొదటి దెబ్బల్ని మెదడు పగడాలు చాలావరకు తట్టుకున్నాయి. ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్‌లో నక్షత్ర పగడాలు, స్ట్రిగోసా మెదడు పగడాలు కలిసి దశాబ్దాల పాటు 50 శాతానికి మించిన సజీవ కప్పును నిలబెట్టాయి.

వేడి వీటినీ వదల్లేదు. నీరు మామూలు వేసవి గరిష్ఠానికి ఒక డిగ్రీ మించి వారాల తరబడి ఉంటే పగడం తనలోని శైవలాలను వెళ్లగొడుతుంది. కణజాలం పారదర్శకమై కింది తెల్లటి రాయి కనిపిస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. వేడి త్వరగా తగ్గితే పగడం కోలుకోవచ్చు, లేకుంటే ఆకలితో చస్తుంది. 2005లో తూర్పు కరీబియన్‌ను ముంచిన వేడి, దాని వెంట వచ్చిన వ్యాధులు కలిసి అమెరికా వర్జిన్ దీవుల పరిశీలన స్థలాల్లో సుమారు 60 శాతం పగడపు కప్పును తగ్గించాయి. 2023 వేసవిలో ఫ్లోరిడాలోని మనాటీ బేలో ఒక యంత్రం 38 డిగ్రీల సెల్సియస్ నమోదు చేసింది. ఆ ఏడాది ఫ్లోరిడా కీస్‌లో జింక కొమ్ము, దుప్పి కొమ్ము పగడాలు దాదాపు పూర్తిగా నశించాయి. ప్రపంచవ్యాప్త నాలుగో బ్లీచింగ్ విపత్తు నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

మెదడు పగడాలకు చిరకాలంగా ఉన్న శత్రువు నల్ల పట్టీ వ్యాధి. ఆర్న్‌ఫ్రీడ్ ఆంటోనియస్ 1970ల ఆరంభంలో బెలీజ్, బెర్ముడాల్లో గుర్తించిన ఈ వ్యాధిలో సయనోబాక్టీరియాతో కూడిన నల్లటి చాప పగడం మీద పాకుతూ, వెనకాల తెల్లటి రాతిని వదిలిపోతుంది. దానికంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైనది స్టోనీ కోరల్ టిష్యూ లాస్ వ్యాధి. మయామీకి దగ్గరున్న వర్జీనియా కీ వద్ద 2014లో ఇది కనబడింది. 2018లో మెక్సికో కరీబియన్ తీరానికి, 2019లో వర్జిన్ దీవులకు, బెలీజ్‌కు, 2023లో కురసావ్, బొనైర్ దీవులకు చేరింది. 20కి పైగా జాతులకు సోకుతుంది. ముందుగా, ఉధృతంగా సోకేది మెదడు పగడాలకూ, మియాండ్రినాకూ, స్తంభ పగడానికీ. కణజాలం రాతి నుంచి ఊడి జారిపోతుంది. రెండు మూడు శతాబ్దాల గుంపు కొన్ని వారాల్లో, నెలల్లో మొత్తంగా చచ్చిపోతుంది.

దీనికి కారకమైన సూక్ష్మజీవి ఏదన్నది తేలలేదు. బాక్టీరియా పాత్ర ఉందని యాంటీబయాటిక్‌కు లొంగడం సూచిస్తుంది. శైవలాల్లోని వైరస్‌ల మీద కూడా అనుమానముంది. నీటి ప్రవాహాల ద్వారా ఇది వ్యాపిస్తుంది. దూరదూరాన ఉన్న ఓడరేవుల దగ్గర హఠాత్తుగా పుట్టడం వల్ల, ఓడలు బరువు సరిచూసుకోవడానికి నింపుకుని వదిలే నీటి పైన కూడా పరిశోధకుల దృష్టి పడింది. మెక్సికో తీరం వెంట సుమారు 450 కిలోమీటర్ల మేర లొరెంజో అల్వారెజ్‌ఫిలిప్ బృందం చేసిన సర్వే, వ్యాధి తర్వాత దిబ్బ సున్నం పేర్చే సామర్థ్యమే తగ్గిపోయిందని చూపింది.

వేడి, కొత్త వ్యాధి అనే ఈ రెండు ముప్పుల్నీ కలిపి చూస్తేనే ప్రమాదం తీవ్రత తెలుస్తుంది. కొత్త వ్యాధి కొమ్మల పగడాలకు సోకదు, కానీ వేడి వాటిని ముందుగా చంపుతుంది. వేడిని కొంత తట్టుకోగల బండ పగడాల్ని వ్యాధి చంపుతుంది. ఒక వర్గం కూలినా రెండోది నిలబెడుతుందన్న భరోసా ఇప్పుడు లేదు. ప్రపంచంలోని దిబ్బలు కట్టే పగడపు జాతుల్లో 44 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2024 నవంబరులో ప్రకటించింది.

సంరక్షణ ప్రయత్నాలు

వ్యాధి సోకిన పగడాలకు చికిత్స చేయడం పదిహేనేళ్ల కిందట ఊహకందని పని. ఇప్పుడు డైవర్లు అమాక్సిసిలిన్ కలిపిన మెత్తని ముద్దను గాయం అంచు వెంబడి పూస్తున్నారు. ఫ్లోరిడా కీస్‌లో ఈ విధంగా వేలాది గుంపులకు వైద్యం జరిగింది. పూసినచోట గాయం ఆగడం చాలా సందర్భాల్లో కనిపించింది. కానీ కొత్త గాయాలు మరోచోట పుట్టవచ్చు, మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఫోర్ట్ పియర్స్‌లోని స్మిత్సోనియన్ సముద్ర కేంద్రం మేలుచేసే బాక్టీరియాతో వ్యాధిని అడ్డుకునే పద్ధతిని పరీక్షించి 2023లో ఆశాజనక ఫలితాలు ప్రచురించింది.

వ్యాధి ఇంకా చేరని చోట్ల నుంచి ఆరోగ్యవంతమైన గుంపుల్ని తీసి అమెరికాలోని పలు రాష్ట్రాల అక్వేరియంలలో భద్రపరిచే కార్యక్రమం కూడా సాగింది. ఓర్లాండోలో 2020లో తెరిచిన ఫ్లోరిడా కోరల్ రెస్క్యూ సెంటర్ అందులో భాగం. ఈ గుంపుల జన్యు వైవిధ్యం రేపటి తరాలకు విత్తన నిల్వ. స్మిత్సోనియన్‌కు చెందిన మేరీ హేగ్‌డోర్న్ అభివృద్ధి చేసిన పద్ధతుల్లో పగడాల శుక్రకణాల్ని అతిశీతల ద్రవ నత్రజనిలో దాచిపెడుతున్నారు.

పిల్ల పగడాల్ని పెంచే మార్గాలు రెండు. కురసావ్‌లో 1955 నుంచి పనిచేస్తున్న కార్మాబి పరిశోధనా కేంద్రం, సెకోర్ అనే సంస్థ కలిసి సముద్రంలో సేకరించిన బీజకణాలతో లార్వాలను పెంచి దిబ్బల మీద నాటుతున్నాయి. ఇందులో ప్రతి పిల్లకూ కొత్త జన్యు కలయిక ఉంటుంది. రెండోది మోట్ మెరైన్ లాబొరేటరీలో డేవిడ్ వాన్ వ్యాప్తిలోకి తెచ్చిన సూక్ష్మ ఖండన పద్ధతి. బండ పగడాన్ని సెంటీమీటరు ముక్కలుగా కోస్తే, గాయం మాన్చుకునే ఊపులో ఆ ముక్కలు మామూలు కంటే పలు రెట్లు వేగంగా పక్కలకు పాకుతాయి. ఒకే తల్లి ముక్కలు దగ్గరదగ్గరగా నాటితే ఒకటిగా అతుక్కుంటాయి. చచ్చిన పాత బండ మీద ఇలా నాటి, దశాబ్దాల్లో ఏర్పడే పైపొరను కొన్నేళ్లలో తిరిగి కప్పవచ్చు.

అయితే ఈ పద్ధతి వేగంగా ఇచ్చేది పైపొరనే. దాని కింద సున్నం మందంగా పేరుకోవాలంటే మునుపటి కాలమే పడుతుంది. అందుచేత బతికున్న పెద్ద గుంపుల్ని కాపాడటం అన్నిటికంటే ముందుండాలి. ఒక పెద్ద గుంపు చిన్నవాటికంటే ఎంతో ఎక్కువగా బీజకణాలు వదులుతుంది, ఇప్పటికే కట్టిన రాతిని తొలిచే జీవుల నుంచి కాపాడుతుంది, గడచిన వేడి ఏళ్లను తట్టుకుని నిలిచిన జన్యువుల్ని మోస్తుంది. స్థానికంగా చేయగలిగిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. బెలీజ్ 2009లో, బొనైర్ 2010లో చిలుక చేపల వేటను నిషేధించాయి. ఓడరేవుల తవ్వకాలకు పగడాలు బీజకణాలు వదిలే నెలల్లో విరామమివ్వడం, మురుగునీటిని శుద్ధి చేయడం, ఓడల నీటిపై అంతర్జాతీయ నిబంధనల్ని కచ్చితంగా అమలు చేయడం అదే దారిలోని చర్యలు. వాతావరణ తాపాన్ని తగ్గించనిదే ఇవేవీ చాలవు. కానీ ఇవి లేకుండా, తాపం తగ్గే నాటికి కాపాడుకోవలసిన ముసలి పగడాలే మిగలవు. మెదడు పగడాల విషయంలో ఆలస్యానికి చెల్లించే వెల చాలా ఎక్కువ. ఈ దశాబ్దంలో పోగొట్టుకున్న ఒక పెద్ద గుంపు ఆ పరిమాణానికి తిరిగి చేరడం, అన్నీ సవ్యంగా సాగినా, శతాబ్దాలు గడిచాకే సాధ్యం.